గోధుమ గడ్డి పొడి: డబ్బా మీద లేనివి, వ్యాసాల్లో రానివి

సంపాదకులకు నమస్కారం.

గోధుమ గడ్డి (అంటే లేత గోధుమ ఆకు) రసం, బార్లీ ఆకు పొడి, వాటి మాత్రల గురించి తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. మీ పత్రిక కూడా ఇందుకు మినహాయింపు కాదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: ఇది పచ్చ రక్తం, ఇందులో యాంటీ ఆక్సిడెంట్లు (కణాలను హాని నుంచి కాపాడే పదార్థాలు) అపారం, షుగరు నుంచి క్యాన్సరు దాకా అన్నిటికీ పనికొస్తుంది. ఎంత తీసుకోవాలో ఉండదు. ఎవరు తీసుకోకూడదో అసలే ఉండదు. ఆకు పొడుల తయారీలో, పరీక్షల్లో పనిచేసేవాళ్లం కాబట్టి ఆ వివరాలు కొన్ని రాస్తున్నాం. వీలైతే కుదించకుండా వేయండి. కుదించక తప్పకపోతే రక్తం పలచబరిచే మందుల గురించి రాసిన భాగం మాత్రం తీసేయకండి. అందుకే దాన్ని ముందు పెట్టాం.

గుండెకు లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లలో చాలామంది వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎసిట్రామ్ పేరుతో దొరికే ఎసినోకౌమరాల్ గానీ వాడుతుంటారు. ఈ మందులు పనిచేసేదే శరీరంలో విటమిన్ కె పనిని అడ్డుకుని. ఆకుపచ్చటి ఆకులన్నిటిలోనూ ఈ విటమిన్ ఉంటుంది, ఎందుకంటే ఎండతో ఆహారం తయారుచేసుకోవడానికి మొక్కకే అది కావాలి. ఆకును ఎండబెడితే నీళ్లు పోతాయి గానీ విటమిన్ కె అంత సులువుగా పోదు. ఆరేడు కిలోల లేత గడ్డి ఎండితే కిలో పొడి వస్తుంది కాబట్టి, చెంచాడు పొడిలో గుప్పెడు ఆకుల విటమిన్ కె కూరుకుని ఉంటుంది.

జరిగేది ఇలా ఉంటుంది. రోగి పొద్దున్నే రెండు చెంచాల పొడి తాగడం మొదలుపెడతాడు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే పరీక్ష అంకె, ఐఎన్ఆర్, పడిపోతుంది, అంటే వాల్వు మీద గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. కారణం తెలియని డాక్టరు మాత్ర మోతాదు పెంచుతారు. నెల తిరిగేసరికి డబ్బా అయిపోతుంది, రోగి మానేస్తాడు. పెరిగిన మోతాదు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు ఐఎన్ఆర్ ఎగబాకుతుంది, చిగుళ్లలోంచి, మూత్రంలో రక్తం కనిపిస్తుంది. అంటే పొడి మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో, డాక్టరుకు చెప్పకుండా మానేయడం కూడా అంతే ప్రమాదం. జపాన్‌లో లేత బార్లీ ఆకు, కేల్ ఆకులతో చేసే పచ్చ పానీయాన్ని ఆవోజిరు అంటారు, చాలామంది తాగుతారు. అక్కడ వార్ఫరిన్ రాసేటప్పుడు నత్తో (పులియబెట్టిన సోయా గింజలు), క్లోరెల్లా (ఒక రకం నీటి పాచి), ఆవోజిరు ముట్టొద్దని రోగికి చెప్పడం మామూలు. మన బజార్లో డబ్బాల మీద ఆ ఒక్క వాక్యం కనబడటం అరుదు. ఇలా అన్నామని ఎసిట్రామ్ వాడేవాళ్లు తోటకూర పప్పు మానేయనక్కర్లేదు. రోజూ తినే ఆకుకూర దాదాపు ఒకే మోతాదులో ఉంటే మందును దానికి తగ్గట్టు సర్దుతారు. ఉన్నట్టుండి కొత్తగా కలిపేదానితోనే చిక్కు. అపిక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త మందులు విటమిన్ కె దారిలో పనిచేయవు కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు. అయితే లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అవి ఇవ్వరు.

కిడ్నీలు దెబ్బతిని పొటాషియం తగ్గించుకోమన్నవాళ్లకు ఆకు పొడులు, రసాలు ఏవీ డాక్టరును అడగకుండా పనికిరావు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, గర్భిణులు పచ్చి రసం తాగకూడదు. కారణం సూక్ష్మజీవులు. ఆ సంగతి కింద వస్తుంది.

ఇక మోతాదు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు లెక్కంతా ఇక్కడే ఉంది. లేత గోధుమ గడ్డిలో ఎనభై శాతానికి పైగా నీరే. 5 గ్రాముల పొడి అంటే సుమారు 35 గ్రాముల పచ్చి గడ్డి. మాత్రలైతే ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు వేసుకోమని రాస్తారు. అంటే 1 గ్రాము పొడి, పచ్చి ఆకు లెక్కలో 7 గ్రాములు. పులుసు దించాక పైన చల్లే కొత్తిమీర అంతకంటే ఎక్కువే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో విటమిన్ సి 100 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, కాల్షియం 300 దాటి ఉంటుంది, ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాములు. తోటకూర కూడా దరిదాపుల్లోనే ఉంటుంది. 30 మిల్లీలీటర్ల గోధుమ గడ్డి రసంలో ప్రోటీన్ గ్రాము కంటే తక్కువ, విటమిన్ సి ఒక మిల్లీగ్రాము దరిదాపు. పెద్దవయసు స్త్రీకి రోజుకు కావలసిన ఇనుము అదే సంస్థ 2020 లెక్కలో 29 మిల్లీగ్రాములు. రక్తహీనత ఉన్నవాళ్లు ఈ రసాన్ని నమ్ముకుని ఇనుము మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి.

యాంటీ ఆక్సిడెంట్ల దగ్గరకొద్దాం. ధాన్యపు లేత ఆకుల్లో అవి ఉన్నమాట నిజం. కెరోటినాయిడ్లు ఉంటాయి, విటమిన్ ఇ ఉంటుంది. బార్లీ ఆకులో సాపొనారిన్, లుటొనారిన్ అనే ఫ్లేవనాయిడ్లు ప్రత్యేకం. అవన్నీ కణుపు వేయకముందు ఆకులో బాగా ఉంటాయి. గోధుమ పైరు కణుపు వేసిందంటే కాండం పైకి లేచి, ఆకు కూడబెట్టింది కాండానికి, తర్వాత కంకికి మళ్లడం మొదలవుతుంది. పీచు పెరిగి ఆకు గరుకెక్కుతుంది. అమెరికాలో కేన్సస్ రైతులు శీతాకాలపు గోధుమ వేసి, వసంతంలో సరిగ్గా కణుపు వేయబోయే ముందు కోసేది అందుకే. ఆ ప్రాంతంలోనే 1930లలో చార్లెస్ ష్నేబెల్ అనే వ్యవసాయ రసాయనవేత్త ఎండబెట్టిన ధాన్యపు గడ్డిని కోళ్ల దాణాలో కలిపి, గుడ్లు పెరిగాయని చెప్పాడు. ఈ వ్యాపారం మొదలైంది ఆ కోళ్ల దాణాతోనే. తర్వాత బోస్టన్‌లో ఆన్ విగ్మోర్ దీన్ని రోగాలకు మందుగా ప్రచారం చేసింది. తన పద్ధతితో ఇన్సులిన్ అవసరం తగ్గుతుందని చెప్పినందుకు 1982లో మసాచుసెట్స్ అటార్నీ జనరల్ కోర్టుకెక్కితే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆమె వదులుకున్న మాటే నలభై ఏళ్ల తర్వాత మన కరపత్రాల్లో తిరుగుతోంది.

డబ్బాల మీద గొప్పగా రాసే ఎస్‌ఓడీ, అంటే సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, ఒక ఎంజైము. కణంలో అది చేసే పనిని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ బయటపెట్టారు. మన కణాలు తమకు కావలసినది తామే తయారుచేసుకుంటాయి. ఎంజైము అంటే ప్రోటీన్. నోటితో మింగిన ప్రోటీన్ కందిపప్పుదైనా గోధుమ గడ్డిదైనా కడుపులో, పేగులో ముక్కలై అమినో ఆమ్లాలుగా లోపలికి పోతుంది. ఎంజైము ఎంజైముగా రక్తంలోకి నడిచిపోదు. ఇక 'ఓఆర్ఏసీ విలువ ఇంత' అని వేసే అంకె యాంటీ ఆక్సిడెంట్ శక్తిని పరీక్షనాళికలో కొలిచినది. ఆ అంకెలకు ఒంట్లో జరిగేదానికి సంబంధం లేదని, వ్యాపారులు వాటిని వాడుకుంటున్నారని చెప్పి అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే తీసేసింది. ఇంకా ఆ అంకె ముద్రించే కంపెనీ ఏం చదువుతోందో మరి!

యాంటీ ఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం కూడా తప్పే. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. చెంచాడు గడ్డి పొడితో అంత మోతాదు రాదు. కానీ పొడితోపాటు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కూడా వేసుకునేవాళ్లు, అందులోనూ సిగరెట్టు తాగేవాళ్లు, ఈ అంకె గుర్తుంచుకోవాలి.

'పచ్చ రక్తం' మాటకు మూలం పత్రహరితం, హిమోగ్లోబిన్ రెండిటి అణువుల్లోనూ ఒకేలాంటి వలయం ఉండటం. పత్రహరితంలో ఆ వలయం మధ్య మెగ్నీషియం, హిమోగ్లోబిన్‌లో ఇనుము. మన పేగులో మెగ్నీషియం ఊడి ఇనుము వచ్చి కూర్చోదు. తలసీమియా (పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ రసం పేరు చెప్పి ఎక్కువ ఆశ పెడుతున్నారు. 2004లో చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు 16 మందితో చేసిన చిన్న అధ్యయనంలో సగం మందికి ఎక్కించాల్సిన రక్తం నాలుగో వంతుకు పైగా తగ్గిందని రాసిన మాట నిజమే. పదహారు మంది అధ్యయనం దారి చూపగలదు గానీ చికిత్సను నిర్ణయించలేదు. ఆ పిల్లల ఒంట్లో ఎక్కించిన రక్తం వల్ల ఇనుము పేరుకుపోతుంది. దాన్ని తీసే మందు గానీ, రక్తం ఎక్కించే తేదీ గానీ గడ్డి రసం కోసం వాయిదా వేయకూడదు. కొంత ఆధారం ఉన్నది పెద్దపేగు పుండ్ల జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్ విషయంలో. ఇజ్రాయెల్‌లో 2002లో వచ్చిన అధ్యయనంలో 23 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నెలపాటు రోజుకు 100 మిల్లీలీటర్ల తాజా రసం ఇచ్చారు. జబ్బు తీవ్రత తగ్గింది. అదీ చిన్నదే. అందులో వాడింది తాజా రసమని, రెండు మాత్రలు కాదని గమనించాలి.

ఇంట్లో పెంచుకుని తాగాలనుకునేవాళ్లకు పద్ధతి రాస్తాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు ట్రేకి 150 గ్రాముల గోధుమలు చాలు. తినడానికి అమ్మే గోధుమలే తీసుకోవాలి. విత్తనాల దుకాణంలో గోధుమలకు థైరమ్, కార్బండజిమ్ లాంటి శిలీంధ్రనాశకాలు పట్టించి ఉంటాయి, అవి నోట్లోకి పోయే పనికి కాదు. ముందు విరిగిన గింజలు, నలిగిన గింజలు ఏరేయాలి. ఈ పని చాలామంది చేయరు, బూజు రావడానికి మొదటి కారణం అదే. విరిగిన గింజ మొలవదు, తడిలో నాని కుళ్లి బూజుకు మేత అవుతుంది. రెండు మూడుసార్లు కడిగి ఎనిమిది గంటలు నానబెట్టాలి. ఎండాకాలం ఆరు గంటలు చాలు, నీళ్లు పులిసిన వాసన వస్తే ఆ గింజ పారేయాలి. వడగట్టి తడిగుడ్డలో ఒక రోజు కట్టి ఉంచితే తెల్లటి ముక్కు కనిపిస్తుంది. ట్రేలో అంగుళం మందాన మట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన వర్మీ కంపోస్టు కలిపి పోసి, గింజ పక్కన గింజ పరవాలి, గింజ మీద గింజ పడకూడదు. ట్రే అడుగున రంధ్రాలు తప్పనిసరి. రెండు రోజులు పైన మరో ట్రే బోర్లించి చీకట్లో ఉంచి, తర్వాత గాలి ఆడే వెలుతురులో పెట్టాలి, నేరుగా మిట్టమధ్యాహ్నం ఎండ తగలకూడదు. ఉదయం, సాయంత్రం చిలకరించడమే గానీ నీళ్లు పోయకూడదు.

ఎనిమిదో రోజు నుంచి పదో రోజు లోపల ఆకు జానెడు ఎత్తుకు వస్తుంది. గింజకు సెంటీమీటరు పైన కత్తెరతో కోయాలి. గింజకు ఆనించి కోస్తే మట్టి వస్తుంది, గింజ ముక్కలూ వస్తాయి. గ్లూటెన్ ఉండేది గింజలోనే, ఆకులో కాదు కాబట్టి గోధుమ పడనివాళ్లకు ఇది ముఖ్యం. రెండో కోతకు ఆకు సన్నబడుతుంది, అప్పటికి మొదళ్లలో బూజు మొదలై ఉంటుంది. ఒక కోతతో ఆపేసి ట్రేని ఎరువు గుంతలో వేయడమే నయం.

బూజుకు, వేరు నూగుకు తేడా తెలియక మంచి ట్రే పారేసేవాళ్లూ, చెడ్డ ట్రే తాగేవాళ్లూ ఉన్నారు. మూడో రోజున వేళ్ల చుట్టూ తెల్లటి నూగు సమానంగా కనిపిస్తే అది వేరు నూగు. నీళ్లు చిలకరించగానే వేరుకు అతుక్కుని మాయమవుతుంది. బూజు అయితే సాలెగూడులా గింజ నుంచి గింజకు అల్లుకుంటుంది, నీళ్లు చిలకరించినా పోదు, ఒకటి రెండు రోజుల్లో కొసలు బూడిద రంగుకో నల్లగానో తిరుగుతాయి, ముక్క వాసన వేస్తుంది. బూజు ఒక మూల ఉన్నా ట్రే మొత్తం తీసేయాలి, కడిగి వాడటం కుదరదు. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ఇది పెంచడం దాదాపు వృథా ప్రయాస. కోస్తాలో తేమ ఎక్కువైన ఆగస్టు, సెప్టెంబరు నెలలూ అంతే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సుఖంగా పెరుగుతుంది.

ఈ ఆకును ఉడకబెట్టం. అందుకే పచ్చి పేడ, మాగని ఎరువు ట్రేలోకి రాకూడదు, ఈ.కోలై అనే బాక్టీరియా ఆ దారిన రావచ్చు. కోసిన ఆకు మంచినీళ్లతో బాగా కడిగి, 100 గ్రాములకు అర గ్లాసు చల్లని నీళ్లు పోసి మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పి గుడ్డతో పిండాలి. ఆగకుండా తిప్పితే వేడెక్కి నురగ పట్టి పసరు వాసన ఎక్కువవుతుంది. తీసిన పావుగంటలో తాగాలి. మొదట 20 మిల్లీలీటర్లు చాలు. పరగడుపున ఒక్కసారే గ్లాసుడు తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేవాళ్లు చాలామంది. అది 'విషాలు బయటికి పోవడం' కాదు, కడుపు వద్దంటోందంతే.

పొడి కొనేవాళ్లు రంగు చూడాలి. ఆకును నెమ్మదిగా గానీ మరీ వేడిగా గానీ ఎండబెడితే పత్రహరితంలోంచి మెగ్నీషియం ఊడిపోయి పొడి ముదురు ఖాకీ రంగుకు తిరుగుతుంది. 45, 50 డిగ్రీలు దాటని గాలిలో త్వరగా ఆరితే పచ్చదనం నిలుస్తుంది. నీడలో ఆరబెట్టామని రాసినంత మాత్రాన మేలురకం కాదు. కాకినాడ తేమలో నీడన మూడు రోజులు ఆరిన ఆకు ముందే పులిసిపోతుంది. మరీ కళ్లు చెదిరే పచ్చదనమూ అనుమానించాల్సిందే. అర చెంచా పొడి గ్లాసు నీళ్లలో కలిపి కాఫీ ఫిల్టరు కాగితంలోంచి వడగట్టండి. పత్రహరితం నీళ్లలో కరగదు కాబట్టి కిందికి దిగిన నీరు లేత పసుపుగానో కొద్దిగా ఆకుపచ్చ ఛాయతోనో ఉండాలి. ముదురు ఆకుపచ్చగా తేటగా దిగితే రంగు కలిపారని అనుమానించవచ్చు. నాలుక మీద వేసుకుంటే ఇసుక తగిలిందా, నేలకు ఆనించి కోసి సరిగ్గా కడగలేదన్నమాట. ఆకు పొడి, రసం పొడి కూడా వేరువేరు. రసాన్ని స్ప్రే పద్ధతిలో ఆరబెట్టేటప్పుడు మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది పిండిపదార్థం, రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. షుగరు వాళ్లకు ప్రత్యేకం అని అమ్మే డబ్బాలో అదే మొదటి పదార్థమైతే కొనకండి.

తయారీలో ఉన్నవాళ్లకు తెలిసిన ఒక వైరుధ్యం చెబుతాం. పచ్చి ఆకు పొడిలో సూక్ష్మజీవుల లెక్క సహజంగానే ఎక్కువ. తగ్గించాలంటే ఆవిరి పట్టాలి. ఆవిరి పడితే ఎంజైములు చస్తాయి. కాబట్టి ఒకే డబ్బా మీద 'ఆవిరితో శుద్ధి చేసినది' అనీ, 'సజీవ ఎంజైములతో' అనీ రాస్తే రెండిట్లో ఒకటి అబద్ధం. మమ్మల్నడిగితే ఆవిరి పట్టిన పొడే మేలు, చచ్చిన ఎంజైములతో వచ్చే నష్టమేమీ లేదు.

ఈ మధ్య గోధుమ గడ్డి చూసి 'చిరుధాన్యాల ఆకు రసం' అని జొన్న మొలకలు కూడా పెంచి తాగమంటున్న సలహాలు వినబడుతున్నాయి. ఇది మాత్రం ఎవరూ చేయకూడదు. లేత జొన్న మేసిన గొడ్డు నాము తగిలి పడిపోతుందని పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ నాము అంటే సైనైడే. జొన్న మొలకలో, కోసిన తర్వాత మోడు నుంచి వచ్చే పిలకలో ధుర్రిన్ అనే పదార్థం ఎక్కువ. ఆకు నలిగితే అందులోంచి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. మిక్సీలో తిప్పడమంటే ఆకును నలపడమే కదా. గోధుమ, బార్లీ ఆకులకు చెల్లింది జొన్నకు చెల్లదు.

చట్టం సంగతి. ఇలాంటి పొడులు, మాత్రలు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల కింద ఆరోగ్య అనుబంధాలుగా అమ్మితే అది మందు కాదని లేబులు మీద స్పష్టంగా ఉండాలి. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు చూసి ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిందనుకోకూడదు. అది తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే చెబుతుంది. షుగరు, క్యాన్సరు నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. ప్రకటన ఇచ్చినవారితో పాటు దాని ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ ఆ చట్టం వర్తిస్తుంది. వ్యాసం కింద ఫలానా చోట దొరుకుతుందని ఫోన్ నంబరు వేస్తే అది వ్యాసమా, ప్రకటనా అన్నది మీరే ఆలోచించండి.

ఇకముందు ఈ విషయం మీద వ్యాసం వేసేటప్పుడు రాసినవారిని కొన్ని ప్రశ్నలు అడగమని కోరుతున్నాం: ఏ పంట ఆకు, ఎన్ని రోజులప్పుడు కోసినది, రోజుకు ఎన్ని గ్రాములు, అది ఎంత పచ్చి ఆకుతో సమానం, ఎసిట్రామ్, వార్ఫరిన్ వాడేవాళ్లకు హెచ్చరిక రాశారా లేదా. చివరిదానికి జవాబు లేకపోతే వ్యాసం వెనక్కి పంపండి.

ఇట్లు,
ఆకు పొడుల తయారీ, నాణ్యత పరీక్షల విభాగాల్లో పనిచేస్తున్న పాఠకులు,
హైదరాబాద్